చక్రం తేలికయ్యే క్షణం

ఒరగడం, చెన్నై దగ్గర
నవంబరు

చిన్నమ్మకు,

నమస్కారాలు. నాగారంలో స్నిగ్ధ వదిన గృహప్రవేశం నాడు మనిద్దరం పోట్లాడుకున్నాక అమ్మ పెట్టిన షరతు ప్రకారమే ఈ ఉత్తరం రాస్తున్నాను. "ఇంకోసారి ఈ స్టీరింగుల ముచ్చట ఫోన్ల దీస్తే ఇద్దరి ఫోన్లు గుంజుకుంట. కొట్లాడేదుంటే కాయిదం మీద కొట్లాడుకోండి" అన్నది కదా. మన గొంతులకు భయపడి వడ్డించేవాళ్లు సాంబారు బకెట్లతో గుమ్మం దగ్గరే ఆగిపోయారట. వదిన తర్వాత చెప్పింది.

ఆ రోజు నువ్వన్న మాట నా చెవిలోంచి పోవడం లేదు. "మీ ఎలక్ట్రిక్ స్టీరింగుల రోడ్డు లేదు సిరీ, అది ఆటబొమ్మ." బంధువులంతా విన్నారు. ఉద్యోగంలో చేరినప్పటినుంచి నేను చేస్తున్న పని అదొక్కటే చిన్నమ్మా. మా కంపెనీ మొదటిసారి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తయారుచేస్తోంది. దాని స్టీరింగ్ చేతికి ఎలా అనిపించాలో తేల్చే బాధ్యత నాకిచ్చారు. ఇంతవరకు మా దగ్గర ఆ పని బయటి దేశాల నిపుణులే చేశారు. మొదటిసారి ఇక్కడి మనిషికి ఇచ్చారు, ఆ మనిషి ఉప్పల్ పిల్ల. ఇది నీకు చెప్పి మురిసిపోదామని వచ్చాను ఆ రోజు. పప్పులో నెయ్యి వేసుకునేలోపు ఆటబొమ్మ అన్నావు.

మన రిపేరు షెడ్డులో ఆడుకుంటూ పెరిగినదాన్ని, తేడా నాకు తెలుసు. నీ ఎర్ర కారులో ఇంజను ఒక పంపును తిప్పుతుంది, పంపు నూనెను ఒత్తుతుంది, ఆ ఒత్తిడి స్టీరింగ్ చక్రం తిప్పడానికి సాయం చేస్తుంది. మా కారులో పంపూ నూనే లేవు. నీ చెయ్యి ఎంత బలంగా తిప్పుతోందో ఒక సెన్సరు కొలుస్తుంది, దాన్నిబట్టి చిన్న మోటారు సాయం పడుతుంది. ఎప్పుడు, ఎంత, ఎలా సాయం పడాలన్నది కంప్యూటరులో రాసేది నేను. అందులో రోడ్డు లేదంటే మోటారును తిట్టి లాభం లేదు, నన్నే తిట్టాలి.

అందుకని అడుగుతున్నాను. రోడ్డు లేదంటే ఏమిటి? కోప్పడకుండా, ముక్కముక్కలుగా విడదీసి రాయి.

సిరి


నాచారం
నవంబరు ఆఖరు

సిరీ,

ఆశీస్సులు ముందే ఇచ్చేస్తున్నాను, తర్వాత తిట్లు వస్తాయి కనుక.

నలుగురిలో అన్నందుకు మీ అమ్మ నన్ను ఇప్పటికే కడిగేసింది, నువ్వు మళ్లీ కడగనక్కర్లేదు. మాట మాత్రం వెనక్కి తీసుకోను. రోడ్డు అంటే ఏమిటో చెప్తాను, విను.

పొద్దున షెడ్డు తెరవడానికి నాచారం చౌరస్తా దాటి ఇండస్ట్రియల్ ఏరియా లోపలికి తిరిగాక, లారీలు తొక్కి తొక్కి నున్నగా చేసిన సిమెంటు రోడ్డు ఒకచోట తారు రోడ్డవుతుంది. ఎర్ర కారులో ఆ మార్పు నా వేళ్లకు తెలుస్తుంది. వాన వెలిశాక తారు మీద సన్నని ఇసుక చేరితే అదీ తెలుస్తుంది. టైరు తొక్కినదంతా కడ్డీల గుండా, నూనె గుండా చేతిలోకి వస్తుంది. నూనె అందులో మొరటుదనాన్ని కొంత మింగి, మిగతాది పైకి పంపుతుంది. ముప్పై ఏళ్లుగా మీ బాబాయి, నేను ఈ నూనె స్టీరింగులు విప్పి బాగుచేసి బతుకుతున్నాం. అది ఏం మింగుతుందో, ఏం పంపుతుందో మాకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. మా పెళ్లికి ముందు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ర్యాలీ నడిపాను. వాన. పక్క సీట్లో దారి చదివి చెప్పడానికి జగన్మోహన్ కూర్చున్నాడు. అప్పటికి నాకు పరిచయస్తుడు, అంతే. ఒక మలుపులోకి వేగంగా వెళ్లాను. సగం తిరిగాక నా చేతుల్లో చక్రం తేలికయ్యింది. అంతవరకు బరువుగా ఉన్నది, ఎవరో లోపల పట్టు సడలించినట్టు తేలికయ్యింది. కారు ఇంకా జారలేదు. కంటికి ఏమీ కనబడలేదు. కానీ ముందు టైర్లు ఇక మావల్ల కాదని చెప్పేశాయి. పాదం ఎత్తాను, పట్టు దొరికింది, మలుపు దాటాం. మా వెనకాల వచ్చిన కారు లోయ వైపు చెట్టుకు తట్టుకుని ఆగింది. మనుషులు బతికారు, అదృష్టం. ఆ సాయంత్రమే మీ బాబాయి నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. ప్రేమతో అన్నాడో భయంతో అన్నాడో ఇప్పటికీ చెప్పడు.

మొన్న వేసవిలో ఒక కస్టమర్ తన కొత్త కారు ఇచ్చి చూడమన్నాడు. ఖరీదైన స్పోర్ట్స్ కారు, ఎలక్ట్రిక్ స్టీరింగ్. మలుపులో చక్రం బరువు ముందెంతో తర్వాతా అంతే. జారేదాకా మూగగా కూర్చుంది, జారాక నాకు కళ్లతో తెలిసింది. అందుకే ఆటబొమ్మ అన్నాను.

మీ కారు అట్ల కాదంటే నాకు సంతోషమే. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, ఈ పెన్ను మంచిది కాదు.

చిన్నమ్మ


ఒరగడం
డిసెంబరు

చిన్నమ్మా,

నీ ఉత్తరం అందిన మర్నాడే మా కారును తడి వలయం మీదికి తీసుకెళ్లాను. అది గుండ్రటి మైదానం, నేలంతా నీళ్లు చిమ్ముతారు. గుండ్రంగా తిరుగుతూ వేగం పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ముందు టైర్లు పట్టు వదిలేస్తాయి. స్పీడోమీటరు మీద చూపు పెట్టుకోకుండా, నువ్వు చెప్పినట్టు చేతుల మీదే మనసు పెట్టాను.

నువ్వన్నది నిజం. మా కారు చెప్పలేదు. జారింది, అప్పుడు తెలిసింది.

కోపం వచ్చింది, నీ మీద కాదులే. ఇన్నాళ్లూ మేము చక్రం ఎంత మృదువుగా ఉంది, నడిమికి ఎంత చక్కగా తిరిగి వస్తోంది అని కొలుచుకున్నాం. తేలికవుతోందా లేదా అని ఎవరమూ అడగలేదు. ఇప్పుడు అడగాలంటే నా దగ్గర కొలబద్ద లేదు. ఎంత తేలికవాలి? జారడానికి ఎంత ముందు? నీ వేళ్లకు తెలిసినది నాకు అంకెలుగా కావాలి.

అందుకని నీ ఎర్ర కారు కావాలి. వారం రోజులు చాలు. చక్రానికి కొలత పరికరం ఒకటి బిగిస్తాం, ఒక్క స్క్రూ కూడా విప్పం. నువ్వే వచ్చి నడుపు. మా విభాగం పెద్ద వెంకటరామయ్య గారిని అడిగితే లారీలో తెప్పించమన్నారు. ఆయనది కాకినాడ. నేను చెప్పేది ఎప్పుడూ సగమే నమ్ముతారు, ఈసారి ఎందుకో తలూపారు.

ఆ పాత జపాను కారును నువ్వు ఎలా చూసుకుంటావో నాకు తెలుసు. ఒప్పుకుంటావని నమ్మకంతోనే అడుగుతున్నాను.

సిరి


నాచారం
డిసెంబరు

సిరికి,

కారు ఇవ్వడం కుదరదు. పంపు దగ్గర నూనె కారుతోంది, ఈ సీజనుకు దాన్ని పక్కన పెట్టేశాను. అంతదూరం లారీ మీద కుదుపులు పడితే పాత కారు ఏమవుతుందో చెప్పలేం. వైర్లూ పరికరాలూ బిగించుకోవడానికి మీ కంపెనీకి బోలెడు కార్లు దొరుకుతాయి.

అందరం బాగున్నాం. మీ అమ్మ స్కూలు పరీక్షల పేపర్లు దిద్దుకుంటోంది.

చిన్నమ్మ


ఒరగడం
డిసెంబరు ఆఖరు

చిన్నమ్మా,

పంపు నూనె కారితే దాన్ని మధ్యాహ్నం భోజనానికి ముందు బాగుచేసి, తర్వాత ట్రయల్ వేసే మనిషివి నువ్వు. నువ్వు రాసిన ఉత్తరంలా లేదది. ఎవరో బ్యాంకు మేనేజరు రాసినట్టుంది.

నేను కూడా నీకు పూర్తిగా చెప్పలేదు. అలాంటి మాట ముందు అన్నది నువ్వు కాదు. అక్టోబరులో వెంకటరామయ్య గారు మా కారు నడిపి దిగి, "అమ్మాయ్, ఇందులో ప్రాణం లేదు" అన్నారు. మార్చిలోగా కుదరకపోతే పనిని మళ్లీ బయటి దేశపు సంస్థకు ఇచ్చేస్తారు. వాళ్లు వచ్చాక నేను వాళ్లకు కుర్చీలు వేసి కాఫీలు తెప్పించాలి. నాగారంలో నువ్వూ అదే అనేసరికి ఇంట్లోవాళ్ల మాటా, ఆఫీసు మాటా ఒకటే అయ్యాయని తట్టుకోలేకపోయాను. అమ్మకు ఇదేమీ తెలియదు, చెప్పకు.

కారు ఇవ్వకపోతే మానెయ్యి. నేను వేరే దారి వెతుక్కుంటాను. కానీ అసలు కారణం చెప్పు.

సిరి


నాచారం
జనవరి

సిరీ, తల్లీ,

ఈ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. మీ బాబాయి టీ పెట్టిచ్చి, "రాసెయ్యి సూర్యకళా, ఆ పిల్ల నీకంటే మొండిది. రాయకపోతే బస్సెక్కి వచ్చేస్తుంది" అన్నాడు.

పెన్ను మంచిదే. నా కుడి భుజమే బాలేదు. ఆగస్టులో షెడ్డులో ఒక బరువైన స్టీరింగ్ పెట్టె బల్ల మీది నుంచి ఎత్తుతుంటే లోపల ఏదో పుటుక్కుమంది. కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీ చినిగిందట. తార్నాకలో డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. నేను చూద్దామన్నాను. సెప్టెంబరులో ఎర్ర కారును వాన నీళ్లు నిలిచిన మైదానంలోకి తీసుకెళ్లాను. ఎడమ చెయ్యి గేరు మీదికి వెళ్లినప్పుడల్లా చక్రం మొత్తం కుడి చేతి మీద పడుతుంది కదా. మూడో గేరు వేస్తుండగా కుడి చెయ్యి తనంతట తనే వదిలేసింది. ఆ రోజు కారును మీ బాబాయి నడుపుకుంటూ ఇంటికి తెచ్చాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆ సీటు నుంచి ఆ కారును నేనెప్పుడూ చూడలేదు.

ర్యాలీ క్లబ్బులో అందరికీ కారుకు విశ్రాంతి ఇచ్చానని చెప్పాను. విశ్రాంతి కారుకు కాదు. నేను వచ్చి మీ ఇంజినీర్ల ముందు చక్రం తిప్పలేక నిలబడితే, వాళ్ల ముందు నీ తల వంగిపోతుందనిపించింది. నా తల కూడా. అందుకే ఆ బ్యాంకు మేనేజరు ఉత్తరం.

నిన్న కారు మీది కవరు తీశాం. మీ బాబాయి లారీ మాట్లాడాడు, తనే కూడా వస్తాడు. నడపాల్సింది నువ్వు.

గాజులూ వాచీ తీసెయ్యి. వాటి చప్పుడు చేతిని మోసం చేస్తుంది. సీటు ముందుకు జరుపుకో, మోచేతులు వంగి ఉండాలి. బొటనవేళ్లను చక్రం లోపల మెలిపెట్టకు, పైన ఆనించి వదిలెయ్యి. చక్రం తోలుకు కుట్టు ఉన్నచోట మధ్యవేలు పెట్టుకో. గట్టిగా పట్టుకుంటే నీ బలం నీకే తిరిగి తెలుస్తుంది, కారుది తెలీదు. వలయం మీద వేగం ఒక్కసారిగా పెంచకు, నెమ్మదిగా పెంచు. తేలికయ్యేటప్పుడు భయపడి బిగించకు. ఆ క్షణం కోసమే కదా అంత దూరం పంపుతున్నాను.

రెండో గేరు కొంచెం మొండికేస్తుంది. బతిమాలితే పడుతుంది.

చిన్నమ్మ


ఒరగడం
జనవరి ఆఖరు

చిన్నమ్మా,

భుజం సంగతి చదివి నేనేమీ రాయను. రాస్తే ఏడుపులాగా ఉంటుంది, అది నీకు నచ్చదు. ఆపరేషన్ మాట మాత్రం వదలను.

కారు క్షేమంగా దిగింది. గాజులు తీసి ఎక్కాను. మొదటి చుట్లలో నాకేమీ తెలియలేదు, బిగదీసుకుని కూర్చున్నాను. బాబాయి వలయం బయట గొడుగు పట్టుకుని నిలబడి, నేను ఆపగానే కిటికీ దగ్గరికొచ్చి, "భుజాలు కిందికి దించమ్మా, పరీక్ష రాస్తున్నట్టు కూర్చున్నావు" అన్నాడు. దించాను. మళ్లీ తిరిగాను, వేగం పెంచాను. చక్రం బరువెక్కుతూ, బరువెక్కుతూ, ఒకచోట మెత్తబడింది. కారు ఇంకా గీత మీదే ఉంది. నా పాదం నన్నడక్కుండానే పైకి లేచింది. ఆగి, కిందికి దిగి, ఎందుకో కారు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాను.

అంకెలు చూస్తే అంతా బయటపడింది. గ్రాఫులో నీ కారు చక్రం బరువు గీత పైకెక్కి, టైర్లు పట్టు వదలడానికి ముందే కిందికి వంగుతుంది. మా కారులో పైకెక్కి అక్కడే బల్లలాగా ఉండిపోయింది. ఎందుకో తెలుసా? హైవే మీద చక్రం బరువు ఎప్పుడూ ఒకేలా ఉండాలని మేమే ఒక భాగం రాసుకున్నాం. చక్రం తేలికవడం మొదలుకాగానే అది మోటారు సాయాన్ని తగ్గించి, పోయిన బరువును నింపేస్తోంది. టైరు మా కారులోనూ చెబుతూనే ఉంది చిన్నమ్మా. మధ్యలో మేమే దాని నోరు మూసేశాం. మలుపుల్లో ఆ భాగం పనిచెయ్యకుండా తీసేశాను.

ఇంకో సంగతి, ఓర్చుకో. వేగంలో నీ చక్రంలో వచ్చే సన్నని వణుకు ఉందే, నువ్వు రోడ్డు మాట్లాడుతోందంటావే, అది రోడ్డు కాదు. ఎడమవైపు ముందు టైరు దగ్గర కీలు అరిగింది. బాబాయి ఎత్తి చూసి నవ్వాడు. "మీ చిన్నమ్మ ఏళ్ల తరబడి దీంతో కబుర్లు చెప్పుకుంటోంది, నేను చూశానని చెప్పకు" అన్నాడు. చెప్పేశాను.

వెంకటరామయ్య గారితో పెద్ద వాదనే అయింది. "అమ్మాయ్, మా ఆవిడ పార్కింగులో ఒక్క చేత్తో తిప్పలేకపోతే ఈ కారు నన్ను కొననివ్వదు" అన్నారు. కారు ఆగి ఉండగా తిప్పేటప్పుడు మోటారు ఎంత సాయమైనా చేస్తుంది, వేగం పెరిగేకొద్దీ పక్కకు తప్పుకుంటుంది, రెండూ ఒకే కారులో కుదురుతాయి అన్నాను. నూనెకు ఇంత వెసులుబాటు లేదు, ఇది నా మోటారుకే ఉంది. ఇది నీకు గర్వంగానే రాస్తున్నాను. ఆయన నడిపారు.  దిగి అన్నారు, "నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నానేమో తెలియడం లేదు. ఆ ఎర్ర కారు ఆవిణ్ణి పిలువు. ఆవిడ సరే అంటే ఆ సంస్థవాళ్లను రావద్దని నేనే ఫోన్ చేస్తాను."

భుజం సంగతి ఆయనకు చెప్పాను. చక్రం బరువు నీకు ఎంత కావాలంటే అంత పెట్టి ఇస్తాను. నా కోసం మంచిమాట చెప్పడానికి మాత్రం రాకు. బాలేకపోతే బాలేదను.

సిరి


నాచారం
ఫిబ్రవరి

సిరీ,

వెళ్లి వచ్చి వారమైంది. అక్కడ నేను రెండే మాటలన్నాను. "బాగున్నది. నడిమిట్ల జర ఖాళీగున్నది." మీ పెద్దాయన ఇంకా ఏదైనా చెబుతానేమోనని నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. అంతమంది ఇంజినీర్ల మధ్య నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెప్తాను.

సీట్లో కూర్చోగానే నాకు ఆ కారు మీద కోపంగా ఉంది. నాకోసం చక్రం తేలిక చేసి పెట్టావని తెలుసు, అదే కోపం. తడి నేల మీద నెమ్మదిగా మొదలుపెట్టాను. గేరు మార్చడానికి ఎడమ చెయ్యి తీసినప్పుడు కుడి భుజం బిగుసుకుంది, సెప్టెంబరు గుర్తొచ్చింది. చక్రం ఉన్నచోటే ఉంది. నొప్పి లేదు. మళ్లీ మార్చాను. ఐదు నెలల తర్వాత నేను కారు నడుపుతున్నాను అన్న సంగతి అప్పుడు నా బుర్రకెక్కింది.

వేగం పెంచాను. చక్రం బరువెక్కింది. నా ఎర్ర కారంత కాదు, కానీ దేనికి బరువెక్కుతోందో తెలిసేలా బరువెక్కింది. ఇంకా పెంచాను. తర్వాత తేలికయ్యింది.

సిరీ, నేను ముందే అనుకుని కూర్చున్నాను, రాదని. వచ్చింది. పాదం ఎత్తాను, పట్టు దొరికింది. నమ్మబుద్ధి కాలేదు. రెండోసారి కావాలని పాదం ఎత్తలేదు. తేలికయ్యింది, ఒక్క క్షణం ఆగింది, అప్పుడు జారింది. సరిగ్గా ఆ వరుసలో. నీ కారు నాకు చెప్పి జారింది.

వలయం అవతలి వైపు నేను కారు ఆపేస్తే ఇంజను ఆగిపోయిందనుకుని మీవాళ్లు పరుగెత్తుకొచ్చారు కదా. ఇంజను బాగానే ఉంది. కళ్లు తుడుచుకోవడానికి ఆపాను. మా షెడ్డులో నూనె మసి చేతులతో రబ్బరు గొట్టాలు అందించిన పిల్ల ఈ కారుకు మాట నేర్పిందని అనుకున్నాను. నా జీవితంలో గెలిచిన కప్పులన్నీ హాలులో షోకేసులో ఉన్నాయి. వాటిని చూసినప్పుడు కూడా ఇంత గర్వం కలగలేదు నాకు.

ఇప్పుడు తప్పులు. తిన్నగా పోతున్నప్పుడు చక్రాన్ని వెంట్రుకవాసి కదిపితే అక్కడ ఏమీ లేదు, ఖాళీ గదిలో అడుగుపెట్టినట్టుంది. దాన్ని చూడు. తడి నేల మీద అంత బాగా చెప్పిన కారు, తిన్నని రోడ్డు మీద ఎందుకు నిద్రపోతుంది?

కీలు మార్చాను. వణుకు పోయింది. కొంచెం బెంగగా ఉంది.

చిన్నమ్మ


ఒరగడం
మే

చిన్నమ్మా,

నడిమి ఖాళీ పోయింది. ఆ చిన్న కదలికను సెన్సరు పట్టీ పట్టగానే మోటారు తొందరపడి సాయం చేసేస్తోంది, చేతికి ఆనడానికి ఏమీ మిగలడం లేదు. సాయాన్ని కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టాం. చెప్పడానికి ఇంతే, చెయ్యడానికి ఏప్రిల్ అంతా పట్టింది.

వెంకటరామయ్య గారు నువ్వు దిగిన మధ్యాహ్నమే ఆ సంస్థకు ఫోన్ చేశారట. నాకు మాత్రం నిన్న చెప్పారు. స్టీరింగ్ ఖాయం చేసిన పత్రం మీద నా చేత సంతకం పెట్టిస్తూ, "ఆ రెండు మాటలు అన్నప్పుడు ఆవిడ గొంతు విన్నానమ్మా, ఇంకెవరినీ అడగాలనిపించలేదు" అన్నారు. ఇన్నేళ్లలో నన్ను పూర్తిగా నమ్మింది ఇదే మొదటిసారి. బయటికొచ్చి మా బృందంలో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాను.

ఇక నీ వంతు. ఆపరేషన్ తేదీ ఏది? మా కారు నడిపితే నొప్పి లేదు కనుక ఆపరేషన్ అక్కర్లేదని అంటున్నావట, బాబాయి చెప్పాడు. నేను ఈ స్టీరింగ్ చేసింది నువ్వు ఆపరేషన్ ఎగ్గొట్టడానికి కాదు. తేదీ రాసి పంపకపోతే అమ్మకు అంతా చెప్పేస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం.

సిరి


నాచారం
ఆగస్టు

చిరంజీవి సిరికి,

చేతిరాత మీ బాబాయిది, మాటలు నావి. కుడి చెయ్యి పట్టీలో వేలాడుతోంది. ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు మళ్లీ నడపవచ్చన్నాడు, ఎప్పుడన్నది నా ఓపికను బట్టి అన్నాడు. (ఓపిక లేదని నేను డాక్టరుకు చెప్పాను. - జగన్మోహన్)

నీ కారు ఉప్పల్ షోరూముకు వచ్చింది. మీ అమ్మ పేపర్లో చూసి, "ఇదేనా సిరి జేసిన కారు, ఒకసారి సూసొద్దామే" అన్నది. ముగ్గురం వెళ్లాం. నాకు చెయ్యి లేదు, అందుకని టెస్ట్ డ్రైవ్ అక్క పేరున అడిగాం. మీ అమ్మ స్కూలుకూ ఇంటికీ తప్ప కారు తీయదు, నీకు తెలుసు కదా. ఉన్నవి రెండు సీట్లే. అక్క పక్కన నేను కూర్చుంటానంటే సేల్స్ అబ్బాయి ఒప్పుకోలేదు. చివరికి మీ బాబాయి ఆధార్ కార్డు ఇచ్చి, "నన్నిక్కడ తాకట్టు పెట్టుకో బాబూ, వాళ్లు రాకపోతే నేనే అద్దాలు తుడుస్తూ ఉండిపోతాను" అన్నాడు. ఆ అబ్బాయి నవ్వి తాళం ఇచ్చాడు.

వాన కురిసి వెలిసింది. అక్క ఉప్పల్ రింగురోడ్డు దాకా రెండు చేతులూ బిగించి పట్టుకుని, దేవుడి గుళ్లో నిలబడ్డట్టు కూర్చుని నడిపింది. నేను, "జర వదులుగా పట్టు అక్కా" అన్నాను. ఏమనుకున్నదో వదులుగా పట్టుకుంది. నాగోల్ వైపు తిరిగాం. మెట్రో స్తంభాల పక్కన రోడ్డు తవ్వి మళ్లీ పూడ్చినచోటు ఒకటి ఉంది, పైకి నున్నగా కనిపిస్తుంది. దాని మీదికి ఎక్కగానే అక్క పాదం ఎత్తింది. కారు నెమ్మదించింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమో. ఈడ రోడ్డు మెత్తగున్నది. చేతికి తెల్వట్లే?"

నేను చక్రం పట్టుకుని లేను కదా, నాకెలా తెలుస్తుంది. అదే చెప్పాను. అక్క కారును నెమ్మదిగా ముందుకు పోనిచ్చింది. మూసీ వంతెన ముందు కారు పక్కకు ఆపింది. రెండు చేతులూ చక్రం మీద అట్లాగే ఉంచి, "మా పిల్ల ఏం పని జేస్తదని ఎవరన్నా అడిగితే కార్ల కంపెనీల ఏదో జేస్తదని చెప్పేదాన్ని" అన్నది. "ఇగో, గిది జేసింది నా బిడ్డ."

నన్ను చూసి కాదు, రోడ్డును చూస్తూ అన్నది. మా ఇద్దరిలో ఎవరికి ముందు కళ్లు చెమర్చాయో చెప్పను.

తిరిగి వచ్చాక సేల్స్ అబ్బాయి, "ఎట్లుంది మేడం, మైలేజి వివరాలు చెప్పనా?" అన్నాడు. అక్క వాడి చేతిలో తాళం పెట్టి, "స్టీరింగు మా అమ్మాయి జేసింది" అన్నది. వాడు అర్థంకాక మీ బాబాయి వైపు చూశాడు. అక్క పక్కన కారు చూస్తున్న భార్యాభర్తలకు చెప్పింది. లోపలినుంచి మేనేజరును పిలిపించి చెప్పింది. గేటు దగ్గర వాచ్‌మన్ గొలుసు తీస్తుంటే మేమెక్కిన ఆటో ఆపించి మరీ దిగింది.

(నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసరికి ఆయనకు నీ పేరు కూడా వచ్చేసిందమ్మా. - జగన్మోహన్)

చిన్నమ్మ